ఉస్తాద్ వీపుకు అంటిన మట్టి

చేవెళ్ల చుట్టుపక్కల బాలమల్లు పైల్వాన్ పేరు తెలియని ఇల్లు లేదు. ఆలూరులో పుట్టి ఒలింపిక్స్ దాకా పోయిన మనిషి ఆయన. అక్కడ పతకం ఒక్క కుస్తీలో చేజారింది గానీ, ఈ దేశంలో మాత్రం ఆయన వీపుకు మట్టి అంటించినవాడు లేడు. తిరిగొచ్చిన రోజున చేవెళ్ల నుంచి ఊరిదాకా డప్పులతో ఊరేగించారు. తర్వాత ఆయన చేవెళ్లలోనే తాలీం పెట్టి, ఎర్రమట్టి పోయించి, వచ్చిన ప్రతి కుర్రవాడికీ కుస్తీ నేర్పాడు.

కొడుకు ప్రభాకర్‌కూ నేర్పాడు. అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నది అతనే. మెడ గట్టిపడాలని బాలమల్లు కొడుకు తల మీద మోకాలు పెట్టి మట్టిలోకి అదిమేవాడు. ఊపిరాడక వాడు కాళ్లు కొట్టుకుంటుంటే, "నేనైతే ఇడువ. నువ్వే ఇడిపిచ్చుకో" అనేవాడు.

ఒకసారి శంకర్‌పల్లి పోటీల్లో ప్రభాకర్ ఒక బక్క పిల్లవాడి చేతిలో ఓడిపోయాడు. బాలమల్లు అతని బట్టలు తన సంచిలో వేసుకొని బస్సెక్కాడు. ప్రభాకర్ లంగోటీ మీదనే వెనకాల ఎక్కాడు. చేవెళ్లలో దిగాక, నిండు అంగడిలో నుంచి లంగోటీ మీదనే ఇంటికి నడిచాడు. దుకాణాల ముందు జనం నిలబడి నవ్వారు. తెలిసినవాడొకడు ఈల వేశాడు. మర్నాటి నుంచి ప్రభాకర్ తాలీం గడప తొక్కలేదు. తండ్రీ పిలవలేదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలు లేచాక చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డు రూపే మారిపోయింది. మొయినాబాద్ చుట్టూ తోటలు కొట్టేసి రిసార్టులు కట్టారు. చేవెళ్ల కుర్రాళ్లు కుస్తీ మాని కాల్ సెంటర్ల క్యాబులు నడపడానికి పోయారు. తాలీం రేకులు గాలివానకు లేచిపోతే మళ్లీ వేయించినవాళ్లు లేరు. ప్రభాకర్ శ్యాంసుందర్ అనే సేటు రిసార్టులో మేనేజరయ్యాడు. వారాంతాల్లో కంపెనీలవాళ్లు వస్తే ఆటలు, డీజే, భోజనాలు అన్నీ అతనే చూసుకునేవాడు.

ఒకనాడు శ్యాంసుందర్ అతన్ని పిలిచాడు.

"మీ నాయన ఒలింపిక్స్ పైల్వానట గదా ప్రభాకర్! ఈ ఆదివారం వచ్చే కంపెనీవాళ్లు విలేజ్ థీమ్ కావాలంటున్నరు. ముసలాయనతోని ఒక కుస్తీ పెట్టిద్దామా?"

"పెట్టిద్దాం సార్" అన్నాడు ప్రభాకర్. అంత తొందరగా ఎలా అన్నాడో అతనికే అర్థం కాలేదు.

ఎవరితో పట్టించాలో వెతకనక్కర్లేదు. రిసార్టు గేటు దగ్గర మహేశ్వర్ ఉన్నాడు. బాలమల్లు చివరి శిష్యుల్లో ఒకడు, ఇప్పుడు బౌన్సరు. దున్నపోతులాంటి ఒళ్లు.

"ఉస్తాద్ తోనా? నాతోని గాదన్నా" అన్నాడు మహేశ్వర్. "జర పట్టినట్టు జేసి నేనే పడిపోత."

"అదే వద్దన్నడు బాపు. నువ్వు కావాల్నని పడితే ఆయన ఇజ్జత్ పోతదట. అసలు కుస్తీ పట్టమన్నడు. లేకుంటే నీ మొఖం సూడనన్నడు."

ఇంట్లో తండ్రితో మరోలా చెప్పాడు. "నీకు సన్మానం జేస్తరట బాపు. మహేశ్‌గాడు ఊకె రెండు పట్లు వట్టి పడిపోతడు. ఫికర్ లేదు."

బాలమల్లు ముఖం వెలిగింది. మోకాళ్లు నడవనీయవు, అయినా పొద్దున్నే తాలీంకు పోయి గంపెడు ఎర్రమట్టి తవ్వి తెచ్చాడు. అందులో పసుపు, మజ్జిగ, నూనె కలిపి తన చేత్తోనే పిసికాడు. అద్దం ముందు నిలబడి భుజాలు చరుచుకున్నాడు. ప్రభాకర్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆయన మీద జాలి కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. కలగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఈతకొలను పక్కన లాన్‌లో మట్టి పోశారు. చుట్టూ రంగురంగుల టీషర్టుల్లో కుర్రాళ్లు, అమ్మాయిలు, చేతుల్లో గ్లాసులు. బాలమల్లు లంగోటీతో నడిచొస్తుంటే వేలాడే రొమ్ములు, ఎండిన తొడలు చూసి ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన అది వినలేదు. మట్టి కళ్లకద్దుకొని బరిలో దిగాడు. మహేశ్వర్ ఆయన కాళ్లు మొక్కాడు.

మొదటి పట్టు బాలమల్లుదే. మహేశ్వర్ చెయ్యి దొరకబుచ్చుకొని, ఒంగి, పక్కకు తిప్పి మోకాళ్ల మీద కూలేశాడు. ఈలలు మోగాయి. "కమాన్ తాతా!" అని అరిచారు. ఆయన నవ్వాడు. జనం వైపు చెయ్యెత్తాడు.

మహేశ్వర్ లేచి ప్రభాకర్ వైపు చూశాడు. చాలా, ఇంకా కావాలా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు. ప్రభాకర్ మైకు నోటి దగ్గర పెట్టుకొని నవ్వుతూ అన్నాడు. "ఏం మహేశూ! ముసలోని చేతిల పడ్తవా?"

జనమంతా నవ్వారు. మహేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. ఈసారి ముసలాయన దగ్గరికి రాగానే నడుం కింద చెయ్యేసి, భుజానికెత్తి, గట్టిగా విసిరాడు.

చెట్టుకొమ్మ విరిగినట్టు శబ్దమైంది. బాలమల్లు వెల్లకిలా పడి అలాగే ఉండిపోయాడు. ముందు చప్పట్లు కొట్టారు. ఆయన నోరు తెరిచి అరవడం మొదలుపెట్టాక ఆపారు. శ్యాంసుందర్ పరుగెత్తుకొచ్చి, "డీజే పెట్టు, డీజే పెట్టు" అన్నాడు. ఆయన్ను కారులోకి ఎక్కిస్తుండగానే పాట మొదలైంది.

తుంటి విరిగిందన్నారు దవాఖానలో. గుండె బలహీనంగా ఉంది, ఆపరేషన్ తట్టుకోలేడు, ఇక నడవడన్నారు. అది విని బాలమల్లు కొడుకు వైపు తల తిప్పాడు.

"మహేశ్‌గాడు తనంతల తాను అట్ల ఇసరడు. నువ్వే చెప్పినవా?"

"నేనే చెప్పిన."

బాలమల్లు కోప్పడలేదు. పెదవి విరిచాడు. "చెప్పెటోనివే నువ్వు. నీతోని ఎన్నడన్న ఒకన్ని పడేసుడైందా?"

ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు మహేశ్వర్ వచ్చాడు. మంచం కోడు పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నీ తుంటి ఇరగ్గొట్టిన ఉస్తాద్, నన్ను సంపు" అన్నాడు.

"ఎందుకేడుస్తవ్ బిడ్డా? నేర్పింది నేనే గదా" అన్నాడు బాలమల్లు. వాడి తల నిమిరాడు. ప్రభాకర్‌తో పెట్టె తెరిపించి, ఒలింపిక్స్‌కు తొడుక్కుపోయిన నీలం కోటు బయటికి తీయించాడు. కొడుకు చేత్తోనే దాన్ని మహేశ్వర్‌కు ఇప్పించాడు. "నా పేరు నిలబెట్టెటోడు నువ్వే. ఇది ఇంట్ల ఉంటె బొంతకు గుడ్డ అయితది."

మహేశ్వర్ ఆ కోటు గుండెకు హత్తుకొని పోయాడు. ప్రభాకర్ వసారాలో కూర్చున్నాడు. భార్య నిర్మల చాయ్ ఇచ్చింది. లోపలి నుంచి తండ్రి పిలిచాడు.

"ఒరేయ్, జర లేపుర. ఒంటికొస్తున్నది."

ప్రభాకర్ కదల్లేదు.

"ప్రభాకరా! ఆగుతలేదుర, దొడ్లెకు తీస్కపో."

నిర్మల లేవబోయింది. ప్రభాకర్ ఆమె మణికట్టు పట్టుకొని కూర్చోబెట్టాడు. లోపల గొంతు పెద్దదైంది, తిట్టింది, బతిమాలింది, చివరికి ఆగిపోయింది. మంచం కింద నేల మీద బొట్లు పడుతున్న చప్పుడు వినబడింది. ప్రభాకర్ చాయ్ మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టి, అప్పుడు లేచి లోపలికి పోయాడు.