జాబితాలో లేని మంద

నేను ఒక చిప్పుని. చిటికెనవేలి గోరంత ఉంటాను. మనిషి నడపకుండా ఎగిరే డ్రోనుకి కన్నూ బుర్రా నేనే. ఎక్కడ కొట్టాలో పైనుంచి చూసి తేలుస్తాను. కొట్టేది మాత్రం నేను కాదు. ఇలా తప్పుకోవడం మనుషుల దగ్గరే నేర్చుకున్నాను.

నా నమూనా గీసింది హైదరాబాదులో, తయారుచేసింది సముద్రం అవతల. తిరిగొచ్చాక చదువు మొదలైంది. ఆకాశం నుంచి తీసిన లక్షల ఫొటోలు ఒక హాల్లో అరవైమంది ముందు పెట్టారు. కనిపించినదాని చుట్టూ గీత గీసి, నాలుగు గడుల్లో ఒకటి నొక్కాలి: వాహనం, భవనం, శిబిరం, ఖాళీ. వాళ్ళు నొక్కిందే నాకు లోకం.

వాళ్ళలో సుంకమ్మది పత్తికొండ వైపు. గొర్రెల కాపరుల ఇంటి పిల్ల, డిగ్రీ చదివింది. ఒకరోజు ఆమె తెర మీదికి వేడిని చూపే ఫొటో వచ్చింది. పొలం మధ్య తెల్లటి గుండ్రటి మచ్చ, పక్కన చిన్న డేరా. ఆమె ‘ఖాళీ’ నొక్కింది. హాలు అజమాయిషీ చూసే దివాకర్ ఆమె కుర్చీ వెనక ఆగాడు.

"ఏంటమ్మా, డేరా కనబడుతుంటే ఖాళీ అంటావు?"

"అది మంద సార్. కోతలైనంక రైతులే పిలిచి చేన్లో గొర్లను నిలబెట్టించుకుంటారు, ఎరువుకి. సుట్టూ వల కడ్తారు."

"మనుషులుంటారా?"

"ఒకరిద్దరుంటారు, కావలికి."

"మనుషులు, డేరా. శిబిరమే. నొక్కు."

"మంద అని ఇంగో గడి పెట్టండి సార్."

"గొర్రెలకో గడా? రేపు మీ కోళ్ళకీ అడుగుతావు."

హాలంతా నవ్వింది. గడి పెంచితే నా చదువు మొదటికొస్తుంది. కొనేవాళ్ళ ముందు ప్రదర్శనకి పదకొండు రోజులే ఉన్నాయి. సుంకమ్మ ‘శిబిరం’ నొక్కింది. అలాంటి ఫొటోలు మూడువందల పన్నెండు. నేను బుద్ధిగా నేర్చుకున్నాను.

ప్రదర్శనకి ఒక బీడు ఎంచారు. ఆ పొద్దున అటు ఎవరూ రావద్దని చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో దండోరా వేయించారు. మంద ఊళ్ళో ఉండదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ముందురోజు సాయంత్రం మద్దిలేటి అనే ముసలాయన రెండొందల గొర్రెలతో వచ్చి, బీడు అంచున వేరుశనగ పీకేసిన చేలో వల కట్టాడు.

పొద్దున ఏడింటికి ఎగిరాను. నేను గురి పెట్టడానికి చెక్కతో ఉత్తుత్తి డేరాలు వేసి ఉంచారు. వాటిలో వేడి లేదు. కొంచెం అవతల మాత్రం నాకు నేర్పిన ఆకారం, నేర్పినంత వెచ్చగా ఉంది. అటు తిరిగాను.

నేను చూసేదంతా హైదరాబాదు హాల్లో పెద్ద తెర మీద కనిపిస్తోంది. సుంకమ్మ లేచి నిలబడింది.

"సార్, అది మంద. ఆపమని చెప్పండి."

దివాకర్ ఈసారి నవ్వలేదు. బీడులో ఉన్న పెద్దాఫీసరుకి ఫోన్ చేశాడు.

"ఆపడమేంటయ్యా? గురి కుదిరాక ఎవరి మాటా వినదనేగా అమ్ముతున్నాం," అన్నాడాయన.

నేను మోసుకెళ్ళింది పేలుడు మందు లేని ఇరవై కిలోల ఇనుప గుండు. ప్రదర్శనకి అది చాలన్నారు. మద్దిలేటికీ అదే చాలింది.

చేలో ఏం జరిగిందో తెలియకముందే కొనేవాళ్ళు చప్పట్లు కొట్టారు. తెలిశాక కూడా నివేదికలో ఒక వాక్యం అలాగే ఉండిపోయింది: గురి తేడా జానెడు.

ఇప్పుడు నన్ను అద్దాల పెట్టెలో, హాలు గుమ్మం పక్కన ఉంచారు. ఇక్కణ్ణించి సుంకమ్మ తెర కనిపిస్తుంది. నా తర్వాత రాబోయే చిప్పుకి చదువు చెబుతున్నారు. గడులు ఇంకా నాలుగే.

నిన్న ఆమె ముందుకు నాకు తెలిసిన చేను వచ్చింది. గుండు పడ్డనాటి రాత్రి మళ్ళీ పంపితే నేనే తీసిన ఫొటో. వల తెగి ఉంది. గొర్రెలు ఎటు చెదిరిపోయాయో లేవు. కూలిన డేరా గుడ్డ కింద ఏ వెచ్చదనమూ లేదు.

సుంకమ్మ ఆ డేరా చుట్టూ గీత గీసింది. తర్వాత ‘ఖాళీ’ నొక్కింది.

దివాకర్ ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. దిద్దలేదు.