యాడ అన్నోనికి టీ లేదు

పెనుకొండ నాటక సమాజంలో సలాం పని ప్రాంప్టింగు. తెర వెనక పుస్తకం పట్టుకుని కూర్చుని, మాట మరిచిన వేషగాళ్లకు మాట అందించాలి. ఇంట్లో మొట్టమొదటి బి.ఏ. తానే కాబట్టి, అందించిన మాటను దిద్దడం కూడా తన బాధ్యతే అనుకున్నాడు. రిహార్సల్లో ‘ఎక్కడ’ అనాల్సిన చోట ‘యాడ’ అన్నవాడికి ఆ పూట టీ లేదని చట్టం పెట్టాడు.

రాజు వేషం వేయాలని అతనికి చిన్ననాటి నుంచీ ఆశ. పద్యాలన్నీ కంఠతా వచ్చు. సమాజం పెద్ద వెంకటేశులు అడిగినప్పుడల్లా, “నాకింకా ‘శ’ సరిగ్గా పలకడం లేదన్నా, వచ్చే ఏడు చూద్దాం” అనేవాడు. కాలేజీలో చేరకముందు మొదలైన ఆ వచ్చే ఏడు, 1979 దాకా సాగింది.

ఆ ఏడు ధర్మవరంలో నాటకం. రాజు వేషం గోవిందప్పది. ‘శ’ కుదరాలని సలాం పొద్దున్నించీ అతనితో ఒకటే పద్యం పాడించాడు. మధ్యాహ్నానికి ‘శ’ వచ్చింది, గొంతు పోయింది. గోవిందప్ప నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు.

“ఇప్పుడు సంతోషమేనా అబ్బా?” అన్నాడు వెంకటేశులు, కిరీటం తెచ్చి సలాం నెత్తిన పెడుతూ. “పద్యాలన్నీ వచ్చినోనివి నువ్వొక్కనివే. జనమొచ్చి కూచోనుండారు.”

“అన్నా, నా ‘శ’...”

“దాన్ని ఈడ తెర ఎనక పెట్టిపో. వచ్చి తీసుకుందువు.”

తెర లేచింది. ముందు వరుసలో సలాం అవ్వ మస్తాన్‌బీ వక్కాకు నములుతూ, “ఆ కిరీటం కింద ఉండేది మా వాడే” అని పక్కామెకు చెబుతోంది. సలాంకు మాట గుర్తురాలేదు. అలవాటుగా తెర పక్కకు చూశాడు. ప్రాంప్టరు కుర్చీ ఖాళీ. అందులో కూర్చోవలసిన వాడు ఇక్కడ కిరీటం పెట్టుకుని నిలబడి ఉన్నాడు మరి.

“ఎక్కడ నా సైన్యము?” అని గర్జించాలి. సలాం కళ్లు మూసుకుని గర్జించాడు.

“యాడ సచ్చినార్రా నా సైన్యం?”

పందిరంతా ఈలలు లేచాయి. ‘యాడ’ పుణ్యమా అని ఎన్నో టీలు పోగొట్టుకున్న ఓబులేసు సైనికుడి వేషంలో ఈటె పట్టుకుని వచ్చి, వంగి దండం పెట్టాడు.

“ఈడే ఉండాం మహారాజా. తమరు యాడ అన్నారు. ఈ పూట తమరికి టీ ల్యా.”

నవ్వులకు పందిరి గుంజలు ఊగాయి. రాజుకూ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే పద్యం అందుకున్నాడు. వచ్చింది ‘శ’నో ‘స’నో చూసుకోలేదు. మీసం ఊడితే చేత్తో పట్టుకునే రాగం తీశాడు. “ఒన్స్ మోర్” అన్న మొదటి గొంతు మస్తాన్‌బీది. అవ్వకు ఇంగ్లీషు వచ్చునని ఇంట్లో ఎవరికీ తెలియదు.

సలాం వేదిక దిగిరాగానే వెంకటేశులు అడిగాడు. “వచ్చే వారం ఇంకో ఊర్లో పిలుస్తాండారు. ఏస్తావా, లేదంటే వచ్చే ఏడు చూద్దామా?”

సలాం కిరీటం కూడా తీయలేదు. “యాడ?” అన్నాడు.

గొంతు లేని గోవిందప్ప, సలాం ముందు పెట్టిన టీ గ్లాసు తీసుకుని తానే తాగేశాడు.