మంచి పిల్లకు గుండీ

మా చెల్లెలి మొగుడు కాలేజీలో సైకాలజీ పాఠాలు చెబుతాడు. అక్కడ చెప్పుకుంటే నాకేం బాధ లేదు. ఆ పాఠాన్ని ఇంటికి మోసుకొచ్చాడు చూడండి, అదీ నా ఒళ్ళుమంట.

"మెచ్చుకున్న పని పెరుగుతుంది వదినా, పట్టించుకోని పని దానంతటదే పోతుంది. బయటికి కనిపించే ప్రవర్తనే మనకు లెక్క. లోపల ఏముందో అనవసరం" అనేవాడు.

ప్రయోగం ఎవరి మీదనుకున్నారు? నాలుగేళ్ళ కన్నకూతురి మీద. వాగుడుకాయ అని దాన్ని పిచ్చుక అంటాం. పిచ్చుక ఏడిస్తే ఇంట్లో ఎవరూ దానివైపు చూడకూడదు, మొహం గోడవైపు తిప్పేసుకోవాలి. ఏడుపు ఆపగానే చేతిలో ఒక రంగు గుండీ పెట్టి "మంచి పిల్ల" అనాలి. గాజుసీసా గుండీలతో నిండితే బొమ్మ కొనిపెడతారు. ఆ గుండీలు నా కుట్టు దుకాణంలోవే. పిల్ల ఆడుకోవడానికని అడిగితే దోసెడు ఇచ్చాను.

మొదట్లో అది వాంతి అయ్యేదాకా ఏడ్చింది. "పోయేముందు ఇలాగే పెరుగుతుంది, పుస్తకాల్లో ఉంది" అన్నాడు మహానుభావుడు. చెల్లెలు ఆ ఏడుపు వినలేక వంటింట్లో కుళాయి తిప్పుకుని నిలబడేది. నేను కడిగేయబోతే "ఆయనకు తెలియదా అక్కా" అని నా నోరు నొక్కేసింది.

చివరికి ఏడుపు నిజంగానే పోయింది. కిందపడినా, జ్వరమొచ్చినా పిచ్చుక కిక్కురుమనేది కాదు. తోటి లెక్చరర్లను టీకి పిలిచి మరీ ఆ ఘనకార్యం చూపించుకునేవాడు.

అలా వచ్చినవాళ్ళను ఓ ఆదివారం సాగనంపి, లోపలికొచ్చి వీధి తలుపు వేశాడు. నేను హాల్లో కప్పులు తీస్తున్నాను. తలుపు సరిగా పడలేదు. ఏదో అడ్డుపడిందనుకుని భుజం ఆనించి మళ్ళీ గట్టిగా నెట్టాడు. అప్పటికీ పడకపోయేసరికి తెరిచి చూశాడు.

అతని వెనకే బయటికి వెళ్ళిన పిచ్చుక గడప అవతలి నుంచి లోపలికొచ్చింది. మొహం తెల్లగా పాలిపోయింది. ఎడమచెయ్యి చాపింది.

"నేను ఏడవలేదు నాన్నా. గుండీ ఇవ్వు."

కుడిచెయ్యి వెనక దాచుకుంది. లాగి చూశాను. రెండు వేళ్ళు నలిగి నల్లబడ్డాయి, గౌను వెనకంతా రక్తం. పిల్లను ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తాం.

"నొప్పిగా ఉందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. పిచ్చుక ముందు తండ్రి మొహం చూసి, తర్వాత లేదని తల ఊపింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్స్‌రే వచ్చింది. "మొదటి దెబ్బతో ఆగి ఉంటే కట్టు కట్టి పంపేదాన్ని. రెండోసారి బాగా నలిగిపోయింది, చిటికెనవేలు కొస తీసేయాలి" అంది డాక్టరమ్మ. "అయినా రెండోసారి ఎలా నెట్టారండీ? పిల్ల అరవలేదా?"



"చెప్పండి మరిదిగారూ" అన్నాను. "నోట్లో బెల్లం ముక్క ఉందా? అరవకూడదని మీరే కదా నేర్పించారు. పిల్ల మీకంటే బాగా నేర్చుకుంది. చెప్పండి, డాక్టరుగారు అడుగుతున్నారు."

అతను మంచం పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. చెల్లెలు అతని భుజం మీద చెయ్యి వేయబోతే నేను లాగేశాను. ఇసుమంతైనా జాలి కలగలేదు నాకు.

పిచ్చుక తండ్రిని ఒక్క క్షణం చూసింది. మెల్లిగా మొహం గోడవైపు తిప్పేసుకుంది.

"ఇటు చూడు తల్లీ" అన్నాడు. చూడలేదు. "నాన్నవైపు చూడమ్మా" అని బతిమాలుకున్నాడు. ఊహూఁ.

ఏడ్చి ఏడ్చి అతను ఆగాక అప్పుడు తిరిగింది. ఎడమచేత్తో గౌను జేబులో తడుముకుని ఒక పసుపు గుండీ తీసి, తండ్రి అరచేతిలో పెట్టింది.

"మంచి నాన్న" అంది.