పేర్లు దాటేసిన సినిమా

ఆదివారం మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో మేము సినిమా చూస్తాం. చూపు పరీక్షించే అక్షరాల బోర్డు పక్కన పెట్టి, ఆ తెల్లగోడ మీదే బొమ్మ వేస్తారు. షాపాయన, పళ్ళ డాక్టరమ్మ, ఇంటర్వెల్ మాస్టారు, మా ఆయన, నేను. అంతే జనం. మాస్టారికి ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి సగం హాయిగా కునుకు తీసి, రెండో సగం చూసి, మొత్తం సినిమా మీద తీర్పు చెప్పేస్తారు. అందుకు సిగ్గుపడిన పాపాన పోలేదు.

మాకో పద్ధతి ఉంది. పేర్లు పడే ముక్క దాటేసి చూస్తాం. పెద్ద దర్శకుడని తలాడించకూడదు, కొత్తవాడని జాలి పడకూడదు. సినిమా తెచ్చినవాళ్ళు అందరికంటే చివర మాట్లాడాలి. అది తీసిందెవరో ఆ తర్వాతే చెప్పాలి. ఈ పద్ధతి పెట్టింది మా ఆయనే.

ఆ ఆదివారం సినిమా తెచ్చింది ఆయన. తీసిందీ ఆయనే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే పని ఆయనది. పగలంతా ఎవరెవరి నవ్వులో అతికించి, మిగిలిన వేళల్లో ఏళ్ళ తరబడి ఈ సినిమా తీశాడు. వేరే ఊరి నాటకాలవాళ్ళు నటించారు. పోటీలకు పంపితే జవాబే రాలేదు. థియేటర్లవాళ్ళు చూడనైనా లేదు. ఇక మిగిలింది ఈ ముగ్గురే.

"పొగడక్కర్లేదు," అన్నాడు దారిలో. "పోట్లాడుకుంటే చాలు. పోట్లాడుకుంటే రెండోది మొదలుపెడతా. లేదంటే కెమెరా అమ్మేస్తా."

"తిడితే?"

"తిట్టినా పర్లేదు. అదీ పోట్లాటేగా."

నిజమే, మావాళ్ళకి నచ్చడమంటే కొట్టుకోవడమే. కిందటి వారం చూసిన పాత సినిమాలో తల్లి కొడుకుని క్షమించిందా లేదా అని షాపాయనా డాక్టరమ్మా ఎంత గొంతు చించుకున్నారంటే, ముందు గదిలో కళ్ళజోడు పెట్టుకుని చూసుకుంటున్నాయన దాన్ని బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

సినిమా మొదలైంది. మూతపడ్డ ఫ్యాక్టరీకి రోజూ క్యారేజీ పట్టుకుని వెళ్ళొచ్చే ఒక ఫోర్‌మన్ కథ. పని పోయిందని ఇంట్లో చెప్పడు. ఒకచోట ముఖం కనబడకుండా రెండు చేతులు అతని చొక్కాకి బొత్తాం కుడతాయి. అవి నా చేతులు. వెలుగు కుదరలేదని ఆ బొత్తాం నాచేత ఎన్నిసార్లు కుట్టించాడో, ఆఖరికి చొక్కా చిరిగింది. గోడ మీద వాటిని అంత పెద్దగా చూస్తుంటే గర్వంగానే అనిపించింది.

మాస్టారు నిద్రపోలేదు. చీకట్లో ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన్ని మోచేత్తో పొడిచి చూపించాను కూడా.

లైటు వేశారు.

"బాగానే ఉంది," అన్నాడు షాపాయన.

"ఊఁ. బాగానే తీశాడు," అంది డాక్టరమ్మ.

"మీరు ఇవాళ పడుకోలేదేం మాస్టారూ?" అన్నాను ఆశగా.

"టీ ఎక్కువైందమ్మా. ఎంత ప్రయత్నించినా పట్టలేదు."

తర్వాత డాక్టరమ్మ, "అన్నట్టు, ఆ తల్లి క్షమించిందని మీరెలా అంటారండీ?" అంటూ షాపాయన వైపు తిరిగింది. మళ్ళీ కిందటి వారం సినిమా మీద పడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ముందు దీని సంగతి చెప్పండి," అన్నాను.

"ఏం చెప్పమంటావు? వంక పెట్టడానికేం లేదు. నీకెలా ఉంది?" అంది డాక్టరమ్మ.

"నాకు నచ్చింది."

"నీకా?" మాస్టారు నవ్వారు. "నీకు ఏదీ నచ్చదుగా. ఇందులో ఏం నచ్చింది?"

ఎప్పుడూ అవసరానికి మించి వాగే నోరు, కావాల్సిన ఒక్క రోజున మొరాయించింది.

మా ఆయన వంతు వచ్చింది. ఎప్పుడూ కూర్చునే మాట్లాడే మనిషి, లేచి నిలబడ్డాడు.

"ఫోర్‌మన్ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందా అని మనం భయపడాలి. భయపడలేదు. ఎందుకంటే తీసినవాడికి అతనంటే జాలి. ఎక్కడా ఇరకాటంలో పెట్టలేదు. ఇల్లాలు ఒక్క ప్రశ్న అడగదు, వీధిలో ఒక్కడు ఎదురుపడడు. దెబ్బ తగలకుండా చివరిదాకా చెయ్యి పట్టుకుని నడిపించాడు. మనిషికి ఏమీ కాకపోతే మనం ఎందుకు చూడాలి?"

షాపాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇక ఆ బొత్తాం కుట్టే చేతులు. సినిమా అక్కడ ఆగిపోయింది. పని తెలిసిన ఎడిటర్ ఎవడైనా దాన్ని తీసిపారేస్తాడు. ఇతనికి మనసొప్పలేదు. ఆ చేతులంటే అతనికి ప్రేమ. అది అతని ఇంటి సంగతి, మనకెందుకు?"

నా చేతులు కొంగు కింద దాచుకున్నాను. అంత ఏడుపు నాకెప్పుడూ రాలేదు. అన్నీ నిజాలే చెప్పాడు. ఆ చేతుల సంగతి కూడా.

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. షాపాయన కూడా. "అదీ రివ్యూ అంటే," అన్నాడు. "ఈ సినిమా నాకెందుకు ఎక్కలేదో ఇప్పుడు తెలిసిందోయ్," అన్నారు మాస్టారు. మా ఆయన దేనికైనా చప్పట్లు అందుకోవడం నేను చూడటం అదే మొదలు.

"ఇంతకీ తీసిందెవరు?" అడిగింది డాక్టరమ్మ.

నేను చెప్పేద్దామని లేవబోయాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"ఎవరో కొత్తవాడు. ఇంక తీయడంట."

"పోనీలే," అంటూ షాపాయన అక్షరాల బోర్డు మళ్ళీ గోడకు తగిలించాడు.

మాస్టారు చెప్పులు వేసుకుంటూ, "వచ్చే వారమైనా కాస్త మంచి సినిమా తేవోయ్," అన్నారు.

"అలాగే మాస్టారూ," అన్నాడు మా ఆయన.