చెరిపిన వాక్యం

గుడ్డకు కత్తెర పెట్టే ముందు గిరాకీని మూడుసార్లు అడుగుతాను, "కోసేయనా అండీ?" అని. కోశాక వెనక్కి తీసుకోను గనుక. ఆ రోజు ఒకావిడకు కర్టెను గుడ్డ కొలిచి రెండోసారి అడుగుతుంటే, కౌంటరు చివర హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది.

"అమ్మా, అగ్రెసివ్ అంటే ఏంటి? సొంత వాక్యం రాయాలట."

"దూకుడని. మీ అమ్మ పేరు పెట్టి రాసెయ్, పదికి పది ఇస్తారు," అన్నారు మా ఆయన కుర్చీలోంచి. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంటికెళ్ళాక ఎంత పడుతుందో నాకు తెలుసు.

ఆ బిరుదు నాకు వచ్చి రెండు రోజులే. ఒక్క కుట్టుమిషనుతో నేను మొదలుపెట్టిన ఈ కొట్టు నా పేరు మీదుంది. దాన్ని మరిది పేరుకు మార్చమంటే "ఆలోచించి చెప్తాను" అన్నాను, అంతే. "ఆడదానికి ఇంత దూకుడేంటమ్మా!" అని అత్తగారు ముక్కున వేలేసుకున్నారు. ఆయన మాత్రం వంటింటి తలుపు గడియ పెట్టి, నా చెవి పక్కగా గోడకేసి గాజు గ్లాసు కొట్టారు. తర్వాత, "ఊడ్చెయ్, పిల్ల కాళ్ళకు గుచ్చుకుంటాయి," అన్నారు నెమ్మదిగా. ఆ నెమ్మదికే నాకు ఎక్కువ భయం. వేళ్ళతో తడిమి గుడ్డ నాణ్యం చెప్పినట్టు, అడుగుల చప్పుడును బట్టి ఆయన కోపం మందం చెప్పగలను. ఎదురు మాటకు ఎంత, మౌనానికి ఎంత అని బేరీజు వేసుకుంటూనే బతికాను. ఇన్నాళ్ళూ మౌనమే చవగ్గా తోచింది.

"ఆరింటికి తమ్ముడొస్తాడు. సంతకం అయిపోవాలి," అన్నారు ఆయన, ఆవిడ వెళ్ళగానే.

ఆయన టీకి వెళ్ళినప్పుడు పిల్ల పుస్తకం చూశాను. "మా వీధి కుక్క అగ్రెసివ్" అని ఉంది. దాని కింద రబ్బరుతో చెరిపిన మరకలు. పెన్సిలు గట్టిగా నొక్కి రాసిందేమో, వెలుగుకు వంచితే అక్షరాలు తేలాయి: మా నాన్న అగ్రెసివ్.

"ఎందుకు చెరిపావే?"

"నాన్న చూస్తే మళ్ళీ నీ మీదకి గ్లాసు విసురుతాడుగా," అంది గుసగుసగా.

తలుపు మూసే ఉంది కదా, పిల్లకు తెలియదనుకున్నాను ఇన్నాళ్ళూ. తొమ్మిదేళ్ళ పిల్ల నాలాగే బేరీజు వేసి, చవకైనదాన్ని ఎంచుకుంది.

ఆరింటికి మరిది కాగితాలతో వచ్చాడు. "ఒక్క సంతకమేగా వదినా, అంత బెట్టేంటి?"

"కొట్టు మూస్తున్నామండీ," అని గిరాకీలను మెట్లు దింపి, ఆయన షట్టరు లాగడం మొదలుపెట్టారు. లోపలికి చీకటి దిగుతోంది. నాకు మళ్ళీ ఆ గడియ చప్పుడే వినిపించింది. గుడ్డ కొలిచే ఇనప కడ్డీని గుమ్మంలో నిలబెట్టి పట్టుకున్నాను. షట్టరు దాని మీద ఠంగుమని ఆగింది. బయట గిరాకీలు వంగి లోపలికి చూశారు.

"తియ్," అన్నారు, నెమ్మదిగానే.

"తియ్యను. సంతకమూ పెట్టను."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కడ్డీ వదలకుండా పిల్లవైపు తిరిగాను.

"ఆ కుక్క వాక్యం కొట్టేసి, మొదటిది రాయమ్మా. ఈసారి పెన్నుతో."