నక్షత్రానికి టచింగ్

1999 మేలో దక్షిణపు ఆకాశంలో ఓ నక్షత్రం పేలి, ఉన్నట్టుండి వెలిగింది. అలాంటిదాన్ని నోవా అంటారు. పేపర్లో చదివిన సాయంత్రమే నేను, అంటే అద్దంకి కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ శరణ్య, ఖాజావలి గారి ఫొటో స్టూడియో కెమెరాకి ల్యాబ్ పట్టకం కట్టి మేడెక్కాను. అలా తీస్తే నక్షత్రం చుక్కలా కాక వెలుగు పట్టీలా పడుతుంది. పట్టీకి అడ్డంగా నల్లగీతలుంటాయి. పేలిన వాయువు మింగేసిన రంగులవి. వాయువు ఎంత వేగంగా మనవైపు దూసుకొస్తే గీతలు అంతగా ఊదా అంచుకు జరుగుతాయి. అది పట్టుకోవాలని నాలుగో సాయంత్రం మళ్లీ తీశాను. ఆ తర్వాత మబ్బులు, మబ్బులు విడిచేసరికి నక్షత్రమే మసకబారింది. ఇక ఆ రెండు నెగటివ్‌లే నాకు దిక్కు. గుంటూరు లెక్చరర్ల సభలో చూపిస్తానని గొప్పలు కూడా పోయాను.

సభ రేపనగా ఖాజావలి గారు ప్రింట్లు చేతికిచ్చారు. పట్టీలు నున్నగా ఉన్నాయి.

“గీతలేవండీ?”

“తీసేశానండీ మేడమ్! ఫిల్ము నిండా గీతలు పడ్డాయి. పొద్దుట్నుంచీ కూర్చుని ఒక్కోదాన్నీ పెన్సిల్‌తో పూడ్చా.”

పెళ్లిచూపుల ఫొటోల్లో మచ్చలు మాయం చేయడంలో, వాళ్ల భాషలో ‘టచింగ్’లో, ఆయనకు సాటి లేదు. నా నక్షత్రాన్నీ పెళ్లికూతుర్ని చేశాడు మహానుభావుడు! నాకు ఒళ్లు మండిపోయింది.

“ఆ గీతల కోసమేనండీ నేను మేడెక్కింది!”

ఆయన మొహం పాలిపోయింది. “పెన్సిలేగా మేడమ్, టర్పెంటైన్ పెడితే పోద్ది” అంటూ దూది అందుకున్నారు. నెమ్మదిగా తుడిచారు. ఒక గీత తేలింది. రెండు. ఐదు. నేను గంతులేశాను.

రెండు నెగటివ్‌లూ లైటు పెట్టిన అద్దం మీద పెట్టి, పక్కనే పడ్డ వేరే నక్షత్రాల గీతలు ఒకదాని కింద ఒకటి వచ్చేలా, నేను చెప్పగా ఆయనే సర్దారు.

“మేడమ్, మీ దాని గీతలు మాత్రం జరిగాయండి! నేను పెన్సిల్ పెట్టిన చోట్లు నాకు తెలీదా? మొదటిరోజుది ఇక్కడ పెట్టా, నాలుగోరోజుది ఇటు పెట్టా. పైగా ఇదిగో, ఇంకో వరస కొత్తగా మొలిచింది!”

జరిగింది ఊదా అంచుకే; కొత్త వరస వెనక నుంచి ఇంకా వేగంగా వస్తున్న వాయువుది. నేను పుస్తకాల్లో చదివింది నాకంటే ముందే ఆయన వేళ్లకు తెలిసిపోయింది. సంతోషం పట్టలేక ఫొటోకొచ్చినవాళ్లు ముస్తాబయ్యే అద్దం దగ్గరి పౌడరు డబ్బా తీసి ఇద్దరి మీదా చల్లేశాను.

“నెగటివ్‌ల మీద పడుద్ది మేడమ్!” అని ఆయన వాటి మీదికి వాలిపోయి, ఆగకుండా నవ్వారు.

సభలో గీతలు జరిగాయని మొదట ఎవరు గమనించారని అడిగారు. ఖాజావలి గారని చెప్పాను.

ఇప్పటికీ ఆ స్టూడియో షోకేసులో, మచ్చలేని పెళ్లికూతుళ్ల మధ్య, నా నక్షత్రం గీతలన్నిటితో ఉంది. కింద ఆయన దస్తూరీలో రెండు ముక్కలు: టచింగ్ లేదు.