తోక తెగిన ‘సరే’

శాసనసభ రికార్డుల సెక్షన్ నేలమాళిగలో ఉంటుంది. దానికి కిటికీ లేదు. లైటు మాత్రం మహా తెలివైనది. గదిలో ఎవరూ కదలకపోతే మనుషులు లేరనుకుని తనంతట తనే ఆరిపోతుంది. అక్కడ చేసేదేమో కదలకుండా కూర్చుని చదివే పని. అందుకని రికార్డులావిడ పేజీ తిప్పినప్పుడల్లా చెయ్యెత్తి గాల్లో ఊపుతుంది. కొత్తవాళ్లు చూస్తే గోడకి టాటా చెబుతోందనుకుంటారు. ఆ లైటు ఏ మహానుభావుడు పెట్టించాడో గానీ, ఒక్క పూట ఆయన్ని ఆ గదిలో కూర్చోబెడితే మన కడుపుమంట చల్లారేది.

సభలో సభ్యులు మాట్లాడిందంతా టేపు విని కాగితం మీదికెక్కించడం ఆవిడ పని. ఆ కాగితాలు ఎవరి ప్రసంగం వాళ్లకి వెళతాయి. వాళ్లు అచ్చుతప్పులుంటే దిద్ది, సంతకం పెట్టి తిప్పి పంపాలి. అందరి సంతకాలూ వచ్చాకే ఆ సమావేశాల సంపుటం బైండింగుకి వెళుతుంది. ఒక్కరిది రాకపోయినా కదలదు.

ఆవిడా కదలదు. అదీ అసలు బాధ. భర్త, చిన్నపిల్ల, అత్తగారు రాత్రంతా రైల్లో వెళితే గానీ రాని ఊళ్లో ఉన్నారు. అక్కడికి బదిలీ మంజూరైంది కూడా. కాకపోతే ఉత్తర్వు కింద ఎవరో ఒక ముక్క తగిలించారు: ‘చేతిలోనున్న సంపుటం ముగించిన పిమ్మటనే విడుదల చేయవలెను.’ ఆ ముక్కే ఆవిడ మెడకి గుదిబండైంది. ఈ మధ్య పిల్ల నాయనమ్మని ‘అమ్మా’ అని పిలుస్తోందట. భర్త నవ్వుతూ చెప్పాడు. ఆవిడా నవ్వుతూనే విని, ఫోను పెట్టేశాక బాత్రూములో కొళాయి తిప్పుకుని ఏడ్చింది.

అందరి సంతకాలూ వచ్చాయి, రేవు పెద్దాయనది తప్ప.

ఆయన మాజీ సభ్యుడు. సభలో ఉన్నన్నాళ్లూ తన ఊరి పడవల రేవు గురించి తప్ప మాట్లాడలేదు కాబట్టి ఆ పేరు పడింది. నది మీద వంతెన కడుతున్నాం, రేవు మూసేస్తాం అని ప్రభుత్వం బిల్లు తెచ్చిన రోజున, వంతెన పూర్తయ్యేదాకా మూయొద్దని ఈయన సవరణ పెట్టాడు. మంత్రి లేచి వంతెన ఇదిగో అయిపోతోంది, అదిగో అయిపోతోంది అన్నాడు. మంత్రిగారు హామీ ఇచ్చారు కదా, సవరణ ఉపసంహరించుకుంటారా అని అధ్యక్షుడు అడిగాడు. పెద్దాయన ఒక్క మాటన్నాడు. బల్లలు మోగాయి. సవరణ పోయింది, రేవు మూతపడింది. వంతెన ఇప్పటికీ స్తంభాలుగానే నిలబడి ఉంది. ఎన్నికల్లో పెద్దాయన చిత్తుగా ఓడిపోయాడు.

ఆయన అన్న మాట రికార్డులో ‘సరే’ అని ఉంది. తను అన్నది ‘సరేలే’ అని ఆయన పట్టు. కాగితం పంపినప్పుడల్లా ‘సరే’ పక్కన పెన్సిలుతో ‘లే’ చేర్చి, సంతకం పెట్టకుండా వెనక్కి పంపేవాడు. సూపరింటెండెంటు దాన్ని రబ్బరుతో చెరిపి మళ్లీ పంపేవాడు. అచ్చుతప్పు దిద్దుకోవచ్చు గానీ అర్థం మార్చకూడదని నిబంధన. ఈ సూపరింటెండెంటు ఎదుటివాళ్లు గుక్క తిప్పుకున్నా అక్కడో కామా పెట్టే రకం. వెనకాల అందరూ కామా సారు అంటారు. ఒక అక్షరం కోసం ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోతుంటే మధ్యలో నలిగిపోయేది మాత్రం ఈవిడ.

చివరికి పెద్దాయనే మెట్లు దిగి వచ్చాడు. ఊరుకోమ్మా కుర్చీలెందుకు అంటూనే కూర్చున్నాడు. ఆవిడ తన గోడు దాచుకోలేదు. బదిలీ సంగతి, పిల్ల సంగతి చెప్పి, ఒక్క సంతకం పెట్టి పుణ్యం కట్టుకోండి బాబాయిగారూ అని బతిమాలింది. ఆయన బల్ల మీది కాగితం వంకే చూస్తూ కూర్చున్నాడు. లైటు ఆరిపోయింది. ఆవిడ చెయ్యి ఊపింది.

“మా చెల్లెలి మొగుడు పడవ నడిపేవాడు తల్లీ” అన్నాడాయన. “రేవు అమ్ముకున్నావు అన్నయ్యా అని అది నాతో మాటలు మానేసింది. పోనీ, అది మానేసినా నేను బతుకుతాను. కానీ నేను పోయాక కూడా మీ పుస్తకంలో కూర్చుని ‘సరే’ అంటూనే ఉంటాను గదా. అక్కణ్నుంచి నన్నెవరు బయటికి తీస్తారు?”

ఆవిడ టేపు ఇప్పటికే విన్నానని, ‘సరే’ తర్వాత బల్లల చప్పుడే ఉందని చెప్పి పంపేసింది. అబద్ధం కాదు. ఆవిడకి వినపడింది అంతే.

అంతే ఎందుకు వినపడిందంటే, ఆ సెక్షన్‌లో ఒక చదువు చెబుతారు. దాని పేరు తోకలు కొయ్యడం. మనవాళ్ల మాటకి ముందొక మరి, వెనకొక లే, చివరొక కదా ఉంటాయాయె. అవన్నీ కోసేసి శుభ్రమైన ప్రతి తయారుచేయాలి. అందులో ఆవిడది అందెవేసిన చెయ్యి. చేరిన కొత్తలోనే కామా సారు నలుగురిలో మెచ్చుకున్నాడు. అలా కోసీ కోసీ, తోకలు చెవిలో పడ్డా మాటలుగా వినిపించడం మానేశాయి.

ఆ ఆదివారం ఫోన్లో పిల్లతో, వచ్చే నెల తప్పకుండా వచ్చేస్తాను బంగారం, ఇక అక్కడే ఉంటాను అంది. అటు నుంచి పిల్ల “సరేలే” అంది.

కోపంగా అనలేదు. బొమ్మతో ఆడుకుంటూ, అరిగిపోయిన అబద్ధాన్ని పక్కకి నెట్టేసినట్టు అంది. ఆవిడకి పెద్దాయన చేర్చే ‘లే’ గుర్తొచ్చింది. సరే అంటే ఒప్పుకున్నట్టు. సరేలే అంటే, నువ్వు చెప్తావు, నేను వింటాను, నమ్మమని మాత్రం అనకు అని. పాలపళ్లు ఊడని పిల్లకి తెలిసిన తేడా అంత పెద్ద సభకి తెలియకపోయింది, ఖర్మ.

మర్నాడు పొద్దున్నే టేపు పెట్టుకుని వింది. బల్లల చప్పుడు మొదలయ్యే ముందు, సన్నగా, అలిసిపోయి, ఉంది. సరేలే. పిల్ల అన్నట్టే ఉంది. మళ్లీ విననక్కర్లేకపోయింది.

ఇక ఆవిడ అవస్థ చూడాలి. నోరు మూసుకుని, టేపులో ‘సరే’ అనే ఉందని తను రాసిచ్చి, మాజీ సభ్యుడు సంతకానికి నిరాకరించారు అని సారు చేత ఒక ముక్క రాయించుకుంటే సంతకం లేకుండానే సంపుటం ముగుస్తుంది, పిల్ల దగ్గరికి పోవచ్చు. నోరు విప్పితే తన చేత్తో తనే తలుపు గడియ పెట్టుకున్నట్టు. మధ్యాహ్నం దాకా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది. తలకి చెవులున్నది ఎందుకని తనని తనే తిట్టుకుంది. వినకపోయినా బాగుండేది. వినేసింది. పెద్దాయన్ని ఆ పుస్తకంలో పెట్టి తాళం వేసి, పిల్ల ముందుకెళ్లి ఏ మొహంతో నిలబడుతుంది? టేపు తీసుకుని కామా సారు బల్ల దగ్గరికి వెళ్లింది.

ఆయన విన్నాడు. మళ్లీ విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ‘లే’ ఉన్నమాట నిజమేనని ఒప్పుకున్నాడు. చెడ్డవాడేం కాదు. అయితే సభ ఆమోదించిన పాఠంలో అర్థం మారితే రికార్డుల కమిటీ చూడాలి. ఆ కమిటీని కొత్త సభ వెయ్యాలి. సభ ఎప్పుడు కూడుతుందో ఇంకా తేలలేదు. అప్పటిదాకా సంపుటం తెరిచే ఉంటుంది. ఇదంతా ఆయన ఎంతో నెమ్మదిగా, కామాలతో సహా చెప్పాడు.

“మీ బదిలీ కూడా అప్పుడే చూద్దామమ్మా. తొందరేముంది, ఎక్కడికీ పోదుగా. సరేనా?”

ఆవిడ ఆయన వంక చూసింది.

“సరేలెండి” అంది.

సారు తృప్తిగా తలూపి, ఆవిడ బదిలీ ఫైలు తెరిచి ఒక వాక్యం రాశాడు. ‘ఇందుకు సదరు ఉద్యోగిని సరే అన్నారు.’ ఫైలు ఇటు తిప్పి, సంతకం పెట్టమని కలం అందించాడు.

“సార్, నేనన్నది సరేలెండి అని.”

“అదేగా రాశాను.”

లైటు ఆరిపోయింది. ఈసారి ఆవిడ చెయ్యి ఊపలేదు. సారే విసుక్కుంటూ లేచి ఊపాడు. వెలుతురు వచ్చేసరికి ఆవిడ కలం పక్కన పెట్టేసి, పెన్సిలుతో ‘సరే’ పక్కనే ‘లెండి’ చేర్చి, సంతకం పెట్టకుండా ఫైలు ఆయన వైపు నెట్టింది.

కామా సారు దాన్ని చూశాడు. సొరుగు లాగి రబ్బరు తీశాడు.